ఉండు, సత్రానికి చేరనీ

తమ్ముడికి వంక పెట్టాలంటే ఒక్కటే ఉంది. ఎవరు పిలిచినా, ఎందుకు పిలిచినా, ఇల్లు మునుగుతున్నా సరే, అతని నోట వచ్చే మాట ఒక్కటే: "ఉండు, సత్రానికి చేరనీ."

ఆ సత్రం ఏ ఊళ్లోనూ లేదు. అతని చొక్కా జేబులో ఉంది. సబ్బుపెట్టెంత బూడిదరంగు ఆటబొమ్మ, దాని మీద అగ్గిపెట్టెంత తెర, ఆ తెర మీద నాచురంగు వెలుతురు, ఆ వెలుతురులో చీమంత వీరుడు. మాయావి ఒకడు రాజ్యంలోని దీపాలన్నీ ఎత్తుకుపోయి ఏడు గుహల అవతల నల్ల తలుపు వెనక దాచాడట. ఈ చీమ వెళ్లి వాటిని తేవాలట. దారిలో భూతాలు, జిగురుముద్దలు, రెక్కల పాములు. ఎక్కడపడితే అక్కడ ఆట ఆపితే నడిచిందంతా నీళ్లపాలే. సత్రం చేరాలి. సత్రం ముసలాయన పుస్తకం తెరిచి ప్రయాణం రాసుకుంటాడు, టింగుటింగుమని చిన్న పాట వస్తుంది, వీరుడు పడుకుంటాడు, పడుకున్న చోటే లేస్తాడు. అప్పుడు తమ్ముడు తలెత్తి, "ఆ, ఏంటి?" అంటాడు.

ఈలోగా జరగాల్సింది జరిగిపోతుంది. "పాలు పొంగుతున్నాయి చూడరా!" అని అక్క స్నానాలగదిలోంచి అరిచిన రోజున, వాడికంటే ముందు పాలే సత్రానికి చేరాయి. పొయ్యి దిగి, గడప దాటి, మూడో అంతస్తు మెట్ల మీదుగా కింది వాటాలోని బడి పంతులమ్మ చెప్పుల్లోకి చేరాయి. పంతులమ్మ పైకొచ్చి, "మీ తమ్ముడు ఇంకా ఎదగలేదండీ" అంది. "ఎదిగాడో లేదో నేను చూసుకుంటాను, మీరు మీ చెప్పులు చూసుకోండి" అంది అక్క. ఇంట్లో తమ్ముణ్ణి తిట్టే హక్కు ఆవిడదే. దాన్ని ఇంకొకరికి అద్దెకివ్వదు.

పెళ్లి సంబంధం కూడా ఒకటొచ్చింది, వయసులో ఉండగా. అమ్మాయి తండ్రి ఎదురుగా కూర్చుని, "ఏమంటావు బాబూ?" అన్నాడు. "ఉండండి, సత్రానికి చేరనివ్వండి" అన్నాడు ఇతగాడు. తండ్రి మర్యాదస్తుడు కాబట్టి కూర్చున్నాడు. అమ్మాయి తెలివైంది కాబట్టి లేచింది. ఆవిడకిప్పుడు మనవలు.

తమ్ముడు పని చేసింది పెద్దాసుపత్రిలో, లిఫ్టు నడపడం. స్ట్రెచర్ పట్టేంత వెడల్పు లిఫ్టు. మడత ఇనుపతలుపు, గోడకి ఇత్తడి పిడి, మూలన మూడుకాళ్ల స్టూలు. ఆ బొమ్మ దొరికింది కూడా ఆ స్టూలు కిందే. ఎవరో మరిచిపోయారు. మూడు నెలలు సామాన్ల గదిలో ఉంచినా ఎవరూ రాలేదు, నువ్వే ఉంచుకోమన్నారు. ఆరోజు నుంచీ అతని అసలు పేరు ఆసుపత్రిలో ఎవరికీ గుర్తు లేదు. సత్రం బాబాయ్ అయిపోయాడు.

ఒకసారి అక్కడి పెద్ద డాక్టరే లిఫ్టెక్కాడట. ఆయన వస్తుంటే గోడలు కూడా సర్దుకు నిలబడతాయి. "ఏమయ్యా, ఐదో అంతస్తు" అన్నాడు. "ఒక్క నిమిషం సార్, సత్రానికి చేరనివ్వండి." పెద్ద డాక్టరు పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి, "చేరావా?" అన్నాడు. "చేరాను సార్. తలుపుకి దూరంగా జరగండి."

ఇది విన్నప్పుడు అక్కకి నవ్వు రాలేదు, ఆశ్చర్యమేసింది. "నిన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదేంట్రా?"

"ఎందుకు తీస్తారక్కా? స్ట్రెచరొస్తే బొమ్మ నా చేతిలో ఉండదుగా."

అది నిజమే. అందరూ అదే చెప్పారు. స్ట్రెచర్ వచ్చిందంటే బొమ్మ అతని చేతిలో కనపడేది కాదట. మరెక్కడుండేదో అక్క అడగలేదు.

అక్కకి ఒళ్లు మండేది బొమ్మ ఆడినందుకు కాదు, ముగించనందుకు. ఆవిడ చొక్కాల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్లు కాలర్లు కుట్టింది. కాలరంటే మాటలా? రెండు మొనలూ ఒకేలా రావాలి, లోపలి గుడ్డ ముడత పడకూడదు, వెంట్రుకవాసి తేడా వచ్చినా చొక్కా వేసుకున్నవాడి మెడే వంకరగా కనపడుతుంది. రెండో తరగతిలో బడి మానేసి, తల్లి పోయిన ఇంట్లో ఈ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. సూది వేల్లో దిగినా, చేతిలో ఉన్న కాలరు పూర్తి చేశాకే వేలు చూసుకునేది. అలాంటి మనిషి ఇంట్లో, ఇరవయ్యారేళ్లుగా ఆట ముగించని వీరుడు.

"ఈ వారం ఎక్కడున్నాడ్రా నీ చీమ?"

"వంతెన దాటుతున్నాడక్కా."

"పోయిన నెల కూడా వంతెనేగా! ఆ ముందు నెల రెండో గుహలో ఉన్నాడన్నావు?"

"మళ్లీ మొదటికొచ్చాడు."

"ఎందుకొచ్చాడు?"

"అలా వచ్చాడులే."

"నేను నీలాగ కుట్టుంటే, ఈ దేశంలో సగం మంది మెడల్లేకుండా తిరిగేవాళ్లు."

తమ్ముడు నవ్వేవాడు. వాడికి కోపమనేది దేవుడు ఇవ్వలేదో, ఇస్తే లిఫ్టులో మరిచిపోయి వచ్చాడో. విసిగిపోయి ఒకరోజు ఆవిడే అడిగింది: "అసలేముందిరా అందులో? ఆ చీమ, ఆ నాచు. పాడుబడ్డ బొమ్మ. కొత్తవి రంగురంగులవి వచ్చాయిగా."

తమ్ముడు చాలాసేపు ఆలోచించాడు. సత్రంలోనే ఉన్నాడు కాబట్టి ఆలోచించే తీరిక ఉంది. "ఎంత దెబ్బ తిన్నా సరే అక్కా, సత్రం దాకా ఈడ్చుకెళితే చాలు. పడుకుంటాడు, లేస్తాడు. పడుకుంటే లేస్తామన్న భరోసా ఇంకెక్కడుంది చెప్పు?"

"నేను రోజూ పడుకుని లేస్తూనే ఉన్నాను, నాకెవడూ పాట పాడలేదు" అంది అక్క.

తరవాత ఆసుపత్రిలో మీటనొక్కితే తనంతట తనే నడిచే లిఫ్టు పెట్టారు. తమ్ముడు స్టూలు తెచ్చుకుని ఇంటికొచ్చేశాడు. అప్పుడు జరిగిందొక వింత. వీరుడు వంతెన దాటాడు. మరి వెనక్కి రాలేదు. రెండో గుహ, నాలుగో గుహ, మంచుకొండ. ఏడాది తిరిగేసరికి నల్ల తలుపు ముందు నిలబడ్డాడు. ఇన్నేళ్లలో మొదటిసారి.

అక్క పట్టనట్టే ఉంది. కానీ వాడి బ్యాటరీలు అయిపోతే గోడగడియారంలోవి పీకి తెచ్చి, "నాకు టైముతో పనేముంది" అంది.

"ఆదివారం తెరుస్తానక్కా" అన్నాడు తమ్ముడు. "తీరిగ్గా, స్నానం చేసి."

"తలుపు తియ్యడానికి స్నానమెందుకురా? లోపలున్నవాడేమైనా మావగారా?" అంటూనే అక్క వాడి మంచి చొక్కా ఇస్త్రీ చేసింది.

ఆ సోమవారమే ఆవిడకి కడుపులో నొప్పి మెలిపెట్టింది. పిత్తాశయంలో రాళ్లన్నారు. తమ్ముడు పనిచేసిన పెద్దాసుపత్రిలోనే గురువారం ఆపరేషన్ అన్నారు. రాళ్లు తీసేస్తే పోయేదానికి ఇంత హడావిడేంటంది అక్క. కోతంటే ఆవిడకి లెక్క లేదు. సూదులూ కత్తెరల మధ్య బతికిన మనిషి. ఆవిడ భయమల్లా మత్తు. మనిషన్నాక తన ఒళ్లు తన అదుపులో లేకుండా పదిమంది ముందు పడుకోవడమేంటి? పడుకోబెట్టినవాళ్లు లేపడం మరిచిపోతే? ఇది పైకి చెప్పలేదు. పైకి మాత్రం ఆసుపత్రి దుప్పట్ల అంచు కుట్టు బాగా లేదంది, కిటికీ గొళ్లెం సరిగ్గా పడటంలేదంది, మత్తు డాక్టరు చొక్కా కాలరు వంకరగా ఉందంది. "తన కాలరే చూసుకోనివాడు నన్నేం చూస్తాడు?"

గురువారం పొద్దున ఐదో అంతస్తు వరండాలో స్ట్రెచర్ మీద ఉండగా అక్క లేచి కూర్చుంది. ఒక కాలు కిందపెట్టింది.

"ఎక్కడికక్కా?"

"ఇంటికి. నొప్పి తగ్గింది."

"తగ్గలేదు. చెమటలు పడుతున్నాయి."

"నా చెమట నా ఇష్టం. చెప్పులేవిరా?"

రెండో కాలు కూడా దిగేదే. తమ్ముడు జేబులోంచి బొమ్మ తీశాడు. తెర మీద రెండు ఇంగ్లీషు మాటలు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. చదవడం రాకపోయినా అక్క కంటికి ఏదీ తప్పిపోదు. తమ్ముడి బొటనవేలు మీట మీద గాల్లో ఆగింది. ఒక కాలరు మొన తిప్పినంతసేపు ఆగింది. తరవాత పైమాట ఎంచి నొక్కాడు.

"ఇంద. నడిపించు."

"నాకు చదువొచ్చిందా చచ్చిందా?"

"చదవక్కర్లేదు. ఇది నొక్కితే నడక, ఇది నొక్కితే కత్తి. పేరు ఇంగ్లీషులో అక్క అని పెట్టాను. నాలుగక్షరాలే పడతాయి."

అక్క బొమ్మని ఎలుకని పట్టుకున్నట్టు పట్టుకుంది. నాలుగడుగులు వేసిందో లేదో, రెండు కళ్ల జిగురుముద్ద ఒకటి అడ్డమొచ్చి ఎగిరి కొట్టింది. "అబ్బో! నన్నే!" అని స్ట్రెచర్ మీదకి రెండు కాళ్లూ లాక్కుని కూర్చుంది. దాన్ని చంపింది. ఇంకోటొచ్చింది. దాన్నీ చంపింది. వంతెన దగ్గరకొచ్చేసరికి చీమకి కొన ఊపిరి మిగిలింది.

"సత్రమేదిరా? త్వరగా చెప్పు, పోయేట్టుంది!"

"వంతెన దాటి ఎడమకి."

థియేటర్ తలుపులు తెరుచుకున్నాయి. పచ్చబట్టల వాళ్లిద్దరు వచ్చి స్ట్రెచర్ పట్టుకున్నారు. "వెళదామా అమ్మా?"

అక్క తలెత్తలేదు. "ఉండండి, సత్రానికి చేరనివ్వండి!"

ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. విసుక్కోలేదు. ఏదో రోజూ ఉండే పనిలాగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. అక్కకి ఆ సంగతి తరవాత తట్టింది. చీమ సత్రం చేరింది, ముసలాయన పుస్తకంలో రాసుకున్నాడు, టింగుటింగుమని పాట వచ్చింది. "నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకున్నావో!" అని బొమ్మని తమ్ముడి చేతిలో పెట్టి, అక్క లోపలికి వెళ్లి పడుకుంది.

లేచింది కూడా.

కళ్లు తెరిచేసరికి పక్కన పెద్ద నర్సు ఉంది, జుట్టు నెరిసిన మనిషి. నాడి చూస్తూ అడిగింది: "ఎందాకా వెళ్లారు?"

"ఎక్కడికి?"

"ఆటలో. నేను వంతెన దాకానే. అపెండిక్సు, పదేళ్లయింది. వంటగదిలో పనిచేసే ఆవిడైతే రెండో గుహ దాకా వెళ్లింది, ఆవిడకి రెండు ఆపరేషన్లు." నర్సు నవ్వింది. "బాబాయ్ లిఫ్టులో ఎంతమంది చేతిలో పెట్టాడో ఆ బొమ్మ. ఏడుస్తూ ఎక్కినవాళ్లు తిట్టుకుంటూ దిగేవాళ్లు, ఆ జిగురుముద్దల్ని. మత్తిచ్చేటప్పుడు కూడా, చీమ సత్రంలో ఉంది, వెళ్లి లేపుకోవాలి అనేవాళ్లు."

"మరి వీడి ఆట ఏమయ్యేది?"

"ఆయనదెక్కడుంటుందమ్మా? అందులో సత్రానికి ఒకటే పుస్తకం, పుస్తకానికి ఒకటే పేజీ. కొత్త పేరు రాస్తే పాతది చెరిగిపోతుంది. ఎప్పటికప్పుడు చెరిపేసుకునేవాడు."

అక్క కళ్లు మూసుకుంది. మత్తనుకుని నర్సు వెళ్లిపోయింది. ఆవిడకి మాత్రం గాల్లో ఆగిన బొటనవేలు కనపడుతోంది. ఆదివారానికి మూడు రోజులే ఉంది.

తమ్ముడు లోపలికి రాగానే తిట్లు మొదలుపెట్టింది. "బుద్ధుందట్రా నీకు? తలుపు దాకా వెళ్లినవాడివి! వాళ్లందరికీ ఇంకో బొమ్మ కొనిస్తే పోయేదిగా?"

"వేరేది ఇస్తే ఇచ్చాడులే అనుకుంటారక్కా. నాది ఇస్తేనే, తిరిగివ్వాలి కదా అని లేచి వస్తారు."

"ఆదివారం దాకా ఆగలేకపోయావా?"

"నువ్వు ఆగావా? అప్పటికే ఒక కాలు కింద పెట్టేశావు."

అక్క మొహం గోడవైపు తిప్పుకుంది. చెయ్యి మాత్రం ఇటు చాచింది. "ఏదీ, ఇలా తే. మొదలెట్టిన పని సగంలో వదిలే అలవాటు మా ఇంట్లో నీకొక్కడికే ఉంది."

ఆ తరవాత పదకొండు నెలలు ఆ ఇంట్లో వంట తమ్ముడే చేశాడు. "అక్కా, అన్నం చల్లారిపోతోంది." "ఉండరా, సత్రానికి చేరనీ." "అక్కా, ట్యాంకు నిండి నీళ్లు పోతున్నాయి." "పోనీ, నేను మంచుకొండ మీదున్నా." రెక్కల పాముని ఆవిడ తిట్టిన తిట్లకి అది చావడం మర్యాద. చివరికొక ఆదివారం మధ్యాహ్నం అక్క నల్ల తలుపు ముందు నిలబడింది. బొమ్మని తమ్ముడి ఒళ్లో పెట్టింది. "నువ్వు తెరువు. స్నానం చేశావుగా."

తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బొటనవేలు మీట మీద పెట్టాడు. అప్పుడు ఎవరో తలుపు తట్టారు. నల్ల తలుపు కాదు, వీధి తలుపు.

కింది వాటా పంతులమ్మ. చేతిలో పెద్ద కవరు, అందులో ఎక్స్‌రేలు. "రేపు పొద్దున్నే నాకు ఆపరేషనండీ" అంది. "నాకేం భయం లేదు. ఊరికే చెప్పి వెళదామని..." అని, గడప మీదే కూర్చుండిపోయింది. ఎక్స్‌రేలు బయటికి తీసి, చూడకుండానే మళ్లీ కవర్లో దూర్చింది.

అక్క తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు అక్క వైపు చూశాడు. బొమ్మ చేతులు మారింది. అక్క వేలు గబగబా వెనక్కి వెనక్కి నడిచింది, ఆ రెండు మాటలు కనపడేదాకా. వాటిని చదవడం ఆవిడకి వచ్చేసింది. ఆవిడ చదువంతా ఆ రెండు మాటలే: పైది పాత ఆట చెరపమని, కిందిది ఉంచమని. ఒక్క కాలరు మొన తిప్పినంతసేపు ఆగి, పైమాట ఎంచి నొక్కింది.

"లోపలికొచ్చి కూర్చోండి పంతులమ్మా. మీ పేరు చెప్పండి" అంది అక్క. "నాలుగక్షరాలే పడతాయి. చదువుకున్నవారు, ఎలా కుదిస్తారో మీ ఇష్టం."