రిపోర్టులో రాయని ఒక్క మాట

మా టీమ్ లీడ్ అక్క పోయింది. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. గుండెపోటట, దవాఖానాకు చేర్చేలోపే అంతా అయిపోయిందట. తెలంగాణ వచ్చిందని కట్టిన తోరణాలు అక్కడి సందుల్లో ఇంకా తీయనే లేదు. ఆమె బతికుండగా నేను నలుగురిలో చెప్పాల్సిన మాట ఒకటుంది. చెప్పలేదు. అందుకే ఆ ఫోన్ పెట్టేశాక ఏడుపు కన్నా ముందు సిగ్గు వేసింది.

నాచారంలోని మా ఆఫీసు ఒక పెద్ద ఆసుపత్రి కంప్యూటర్లను చూసుకుంటుంది. రోగుల రికార్డులన్నిటికీ కంప్యూటర్లోనే రహస్య సంకేతాల తాళం వేసి ఉంటుంది. ఆ తాళంచెవులు మా సర్వర్ గదిలోని ఒక యంత్రంలో ఉంటాయి. ఆ యంత్రం అసలైనదేనని ఆసుపత్రి కంప్యూటర్లకు చెప్పేది డిజిటల్ సర్టిఫికెట్. దానికి గడువుంటుంది, ముగిసేలోపు కొత్తది ఎక్కించాలి. బెజవాడ నుంచి అప్పుడే వచ్చిన నాకు ఇదేమీ బుర్రకెక్కలేదు. అక్క నవ్వింది.

"మా మామ ఏటా పింఛన్ ఆఫీసుకు వొయ్యి బతికే ఉన్ననని కాయితం ఇస్తడు. గిది గూడ గంతే. టైముకు ఇయ్యకుంటే మనిషి ఎదురుంగ నిలవడ్డా నమ్మరు."

గడువు తేదీలను గోడ క్యాలెండర్లో, అమావాస్యల పక్కన పెన్సిల్‌తో రాసుకునేది. ఆ యంత్రం తెరవాలంటే ఇద్దరి పాస్‌వర్డ్‌లు కావాలి. నేను నాది కొడుతుంటే గోడవైపు తిరిగి నిలబడేది. "చూస్తే ఏమవుతుందక్కా, మనమే కదా" అంటే, "మనమే గద అనుకున్నకాడనే కొంపలు మునుగుతయి" అనేది. ఉత్త చాదస్తం అనుకునేదాన్ని.

ఒక సోమవారం పొద్దున సర్టిఫికెట్ మార్చడానికి కూర్చున్నాం. ఇద్దరం పాస్‌వర్డ్‌లు కొట్టాం, బ్యాకప్ తీశాం. ఇంతలో ఆసుపత్రి వాళ్ల ఫోన్. ఆ గదిలో సిగ్నల్ సరిగా అందదు. "నేనొచ్చెదాంక ఏం ముట్టకు" అని బయటికి వెళ్లింది. నాకేమో తెలివి చూపించాలని ఆత్రం. పాతది తీసేశాను. కొత్తది ఎక్కించబోతే యంత్రం తీసుకోలేదు. దానికి ముందు ఇంకో సర్టిఫికెట్ ఎక్కించాలని నాకు తెలియదు. కాసేపట్లోనే ఆసుపత్రిలో రికార్డులు తెరుచుకోవడం మానేశాయి. ఓపీ దగ్గర చీటీలు పట్టుకుని జనం, ఎవరికి ఏ మందు ఇవ్వాలో తెలియక నర్సులు.

అక్క తిట్టలేదు. "ఏడ్సుడు తర్వాత. ఫస్టు గా బ్యాకప్ ఎక్కియ్యి" అంది. మధ్యాహ్నానికి అన్నీ తేరుకున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు, అది మా అదృష్టం.

రిపోర్టు ఆమే రాసింది. 'పని మధ్యలో నేను బయటికి వెళ్లడం వల్ల జరిగింది. బాధ్యత నాది.' ముట్టవద్దని నాతో చెప్పిన మాట అందులో లేదు.

"నేను చేశానని రాయండక్కా" అన్నాను.

"నువ్వింక ప్రొబేషన్ల ఉన్నవ్. నీ పేరు రాస్తె రేపే ఇంటికి పంపిస్తరు. ఊకో."

ఊరుకున్నాను. ప్రొబేషన్ అయిపోయాక కూడా ఊరుకున్నాను. ఆమెకు రావాల్సిన మేనేజరు పదవి ఆ రిపోర్టు చూపించి ఇంకొకరికి ఇచ్చినప్పుడూ ఊరుకున్నాను. ఆమె ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. పైగా మరుసటి ఏడాది అదే పనికి నన్నే కూర్చోబెట్టింది.

నిన్న ఆఫీసులో సంతాప సభ. మేనేజరు మాట్లాడుతూ, "ఒక్కసారి పొరపాటు జరిగినా దాన్ని ఒప్పుకున్న మనిషి" అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. ముందు వరసలో, కాప్రా నుంచి వచ్చిన అక్క భర్త తల వంచుకున్నారు. నాకు ఇక కూర్చోబుద్ధి కాలేదు. లేచి ముందుకు వెళ్లాను.

"ఆ పొరపాటు అక్కది కాదు సార్. ముట్టవద్దని చెప్పే వెళ్లింది. నేనే ముట్టాను."

ఇన్నేళ్లు మోసిన మాట, చెప్పడానికి అర నిమిషం పట్టలేదు. వెనక్కి నా చోటికి పోకుండా ముందు వరస దగ్గరే నిలబడ్డాను.

అక్క భర్త తల ఎత్తి నన్ను చూశారు. తన పక్క కుర్చీలో ఉన్న సంచి తీసి ఒళ్లో పెట్టుకుని, ఆ కుర్చీ నాకు చూపించారు.