చెయ్యి నిలిచే వేళ

మా పై వాటాలో ఉండే ఆయన్ని వీధంతా పళ్ళాయన అంటుంది. పళ్ళాయన ఇల్లెక్కడని అడుగుతూ ఖాళీ సంచీతో మేడెక్కి, కిటికీలో ఆరబెట్టిన ప్లాస్టరు దవడలు చూసి వెనక్కి తిరిగినవాళ్ళు కూడా ఉన్నారు. ఆయన కట్టుడు పళ్ళు తయారుచేసే మనిషి. డాక్టరు రోగి నోటి అచ్చు తీసి పంపితే, అందులో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ నిలబెట్టి, ఆఖరికి గులాబీరంగు అక్రిలిక్‌లో పోతపోసి మెరుగుపెట్టడం ఆయన పని. నా పై వరస ఆయన చేతిదే. "ఇది కొరకడానికి కాదండోయ్, కబుర్లు చెప్పడానికి" అని అద్దం చూపించారు. నిజానికి నేను చెప్పేది తక్కువ. వినడానికైతే చెవి కోసుకుంటాను.

పళ్ళు ఆయనకు బతుకుతెరువు. మనసు మాత్రం ట్యాంకుల మీద. అసలు ట్యాంకులు కావు. ఆయన తుపాకీ ముట్టుకున్న పాపాన పోలేదు. ప్లాస్టిక్ ముక్కలున్న పెట్టె కొనుక్కొచ్చి, ఒక్కో ముక్కనూ చట్రంలోంచి కత్తిరించి, అంచు గరుకుకాగితంతో రుద్ది, అతికించి, రంగులేసి, అసలు బండిలో ముప్పై అయిదో వంతుండే బండిని నిలబెట్టడం. రెండు అరచేతుల్లో ఇమిడే ఆ బండిలో బోల్టు తల కూడా బోల్టు తలలాగే కనపడాలి. ముందు కొత్త పెళ్ళికొడుకులా రంగేసి, తర్వాత దానికి తుప్పు, మసి, బురద పట్టించాలి. అవీ రంగులతోనే.

"ఇంట్లో ఉన్న దుమ్ము దులపరు గానీ, ట్యాంకు మీద లేని దుమ్ము పూటపూటా అద్దుతారు" అంటుంది ఆయన భార్య. ఆవిడ ఆస్పత్రిలో చీట్లు రాసే కౌంటరులో కూర్చుంటుంది. రోజంతా జనం కసురుకుంటే విని వచ్చి ఇంట్లో కాస్త వడ్డీతో తీర్చుకుంటుంది.

ఆవిడ అన్నట్టు పూటపూటా అద్దింది ఎప్పుడో పెళ్ళైన కొత్తలో. ఆ తర్వాత ఆయనకు పూట దొరకలేదు. పళ్ళ వర్క్‌షాపులో పని ఎప్పుడూ రేపటికి కావాల్సిందే. ఇంటికొస్తే పిల్లల చదువులు, వాళ్ళ జ్వరాలు, పైపులోంచి కారే నీళ్ళు. భోజనాల బల్ల మీద ట్యాంకు ముక్కలు పరిచిన మరునిమిషంలో ఎవరో ఒకరు కంచం పట్టుకుని నిలబడేవాళ్ళు. అందుకని ఆయన చేయడం మానేసి కొనడం మొదలుపెట్టారు. నచ్చిన పెట్టె కనిపిస్తే తెచ్చి, పైన ప్లాస్టిక్ కాగితమైనా చింపకుండా బీరువా మీద పెట్టడం. రిటైరయ్యాక తీరిగ్గా చేద్దామని. ఈ సరదా ఉన్నవాళ్ళందరికీ ఉండే జబ్బే ఇదని ఆయనే నవ్వుతూ చెప్పారు. బీరువా మీద పెట్టెలు సీలింగును తాకాయి. కింద బట్టలు, పైన బెటాలియన్.

ఆ పెట్టెల్లో అన్నిటికంటే అడుగున ఉన్నది ఆయన ప్రాణం. అది కాల్చే ట్యాంకు కాదు, లాగే ట్యాంకు. బురదలో కూరుకుపోయిన ట్యాంకుల్ని కొక్కెం తగిలించి బయటికి ఈడ్చే బండి. పైన చిన్న క్రేను, ముందు పార, వెనక తీగచుట్ట. "మిగతావన్నీ యుద్ధానికెళ్తాయి. ఇది మాత్రం వాటిని ఇంటికి తీసుకొస్తుంది" అన్నారోసారి. అది చేసేటప్పుడు చెయ్యి బాగా తిరిగుండాలని, అదే ఆఖర్న మొదలుపెట్టాలని దాచుకున్నారు.

రిటైరయ్యేలోగా చెయ్యి వేరే రకంగా తిరిగింది. కుడిచేతి బొటనవేలికి ముందు వణుకొచ్చింది, తర్వాత మణికట్టుకి. మైనంలో పన్ను నిలబెడుతుంటే అది పక్క పన్నును పలకరించడం మొదలుపెట్టింది. డాక్టరు చూసి ఇది పెరిగేదే గానీ తరిగేది కాదన్నాడు. ఆయన వర్క్‌షాపు మానేశారు. పొద్దున్నే వేసుకోవడానికి ఒక మాత్ర ఇచ్చాడు. అది ఒంటికి పట్టాక కాసేపు చెయ్యి చెప్పిన మాట వింటుంది. మధ్యాహ్నం, సాయంత్రం వేసుకునేవి నడవడానికి పనికొస్తాయి గానీ సన్నపనికి కాదు. అంటే రోజు మొత్తంలో ఆయన చెయ్యి ఆయనది అయ్యేది ఆ పొద్దుటి వేళ ఒక్కటే.

ఆ వేళకు ఇంకో హక్కుదారు ఉంది. వాళ్ళ అక్క.

తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన మనిషి. బట్టల దుకాణంలో కుట్టుమిషను తొక్కి చదివించింది. పెళ్ళి మాటెత్తితే "వీడికి మీసాలు రానీ" అనేదట. మీసాలు వచ్చాయి, నెరిశాయి కూడా. ఇప్పుడు పక్షవాతంతో ఎడమవైపు పడిపోయి తమ్ముడి ముందుగదిలో మంచం మీద ఉంటుంది. మాట కొంచెం ముద్దగా వస్తుంది గానీ వెటకారం మాత్రం స్పష్టం. మింగడం కష్టం. చెంచా కదలకుండా కుడి బుగ్గ వైపు పెట్టి, ఆవిడ నమిలి మింగేదాకా ఆగి, మళ్ళీ పెట్టాలి. చెంచా వణికి పాలో సూపో నాలిక వెనక్కి జారితే ఊపిరి గొట్టంలోకి పోతుంది. ఆవిడ తినేది రెండు పూటలే. సాయంత్రం మరదలు పెడుతుంది. పొద్దున్న ఆవిడ డ్యూటీకి వెళ్ళిపోతుంది కాబట్టి తమ్ముడే పెట్టాలి. ఆయాను పెట్టి చూశారు; అక్క పెదాలు బిగించి మొహం గోడకు తిప్పుకుంది. నేను పెడతానంటే నన్నూ, నా చెంచానూ ఎగాదిగా చూసి, "నీ పళ్ళు నువ్వు చూసుకో నాయనా" అంది.

ఇంక మిగిలిందేమిటంటే, అక్క తినడం అయ్యాక మాత్ర బలం ఇంకా ఏ కాస్తో మిగిలుంటే అది ఆయనది. ఆ మిగులులో, చెయ్యి పూర్తిగా పోయేలోపు, ఆ ఒక్క బండి పూర్తిచెయ్యాలి. ఆయన కోరిక అంతే. పై పెట్టెల సంగతి ఆయనెప్పుడో వదిలేసుకున్నారు.

పెట్టె విప్పిన రోజు నేనక్కడే ఉన్నాను. ప్లాస్టిక్ కాగితం చింపి, మూత తీసి, లోపలి వాసన పీల్చి కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచి లోపలికి తొంగి చూశారు. ట్యాంకు చక్రాల చుట్టూ తొడిగే పట్టాలు మెత్తటి రబ్బరులాంటివి. వాటిని తయారుచేసినవాళ్ళు చక్రాల మీదే పడేసి పెట్టె మూశారు. ఏళ్ళ తరబడి ఆనుకుని ఉండి, ఆ రబ్బరులోని జిడ్డు గట్టి ప్లాస్టిక్‌ను కరిగించేసింది. చక్రాలు సగం తిన్న బిస్కెట్లలా ఉన్నాయి.

"కంచే చేను మేసింది" అన్నారు చివరికి. "కొన్నరోజే విప్పి విడివిడిగా పెట్టుంటే ఏమీ అయ్యేది కాదు. భద్రంగా దాచాననుకున్నాను. లోపల ఇది జరుగుతోంది."

వాళ్ళావిడ ఆ రోజు ఒక్క ఎత్తిపొడుపు కూడా పొడవలేదు. దాంతో నాకు భయమేసింది.

అయితే పళ్ళాయన అంత తేలిగ్గా వదిలే రకం కాదు. చెడని చక్రం ఒకటి దొరికింది. దాని అచ్చు తీసి, చిగుళ్ళకు వాడే అక్రిలిక్‌తోనే చక్రాలు పోతపోశారు. పోతకు నిలకడైన చెయ్యి అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. గులాబీరంగు చక్రాలు వరసగా ఆరబెడితే అక్క మంచంలోంచి చూసి, "ఏరా, ట్యాంకుకి చిగుళ్ళొచ్చాయి, పళ్ళెప్పుడు పెడతావు?" అంది. ఇల్లంతా నవ్వారు. చక్రాలకు అంటుకుపోకుండా మిగిలిన పట్టా ముక్కల్ని కలిపితే రెండువైపులకూ ఎలాగో సరిపోతాయని తేల్చారు. ఒక నెల అలా గడిచింది. అక్క తిన్నాక రోజుకో చక్రం, ఒక్కోరోజు సగం చక్రం. బండి కుడివైపు పూర్తయింది. నేను సాయం చేస్తానని ఎడమవైపు ఒక చక్రం అతికించాను. అది ట్యాంకు కుంటుతున్నట్టు నిలబడింది. దాన్ని ఊడదీస్తూ, "మీరు వినండి చాలు" అన్నారు, నొప్పించకుండా.

కానీ మిగులు తగ్గుతూ వచ్చింది. మాత్ర అంతే, మనిషి అంతే, నిలకడే కురచవుతోంది. అక్క ఆఖరి చెంచా మింగేసరికే వేళ్ళు మొదలుపెట్టేవి. ఒక పొద్దున ఆయన అక్క దగ్గరికి వెళ్ళేముందే బల్ల దగ్గర కూర్చున్నారు. ఒక్క చక్రం అనుకున్నారు. ఒకటి కుదిరాక రెండోది. అక్క ఆకలేస్తోందని పిలవలేదు. తమ్ముడి వీపు చూస్తూ పడుకుంది. ఆయన సూపు గిన్నెతో మంచం దగ్గరికి వచ్చేసరికి చెంచా గిన్నెను గంటలా వాయించింది. సూపు గడ్డం మీద, మెడ మీద, దుప్పటి మీద పడింది.

"తిట్టవే" అన్నారు ఆయన తుడుస్తూ.

"ఎన్ని చక్రాలైనాయ్?"

"రెండు."

"అయితే పర్లేదు" అంది అక్క.

మర్నాటి నుంచి ఆయన మళ్ళీ ముందు చెంచానే పట్టుకున్నారు. అక్కలో మార్పు ఆయనకు వెంటనే తెలియలేదు. ఎప్పుడూ లేంది గబగబా తింటోంది. చెంచా అందడమే ఆలస్యం, నోరు మళ్ళీ తెరుస్తోంది. ఆకలి బాగుపడిందని వాళ్ళావిడతో కూడా సంతోషంగా చెప్పారు. గిన్నె తొందరగా ఖాళీ అయి, బల్ల దగ్గర కాస్త వేళ మిగిలింది. ఇంకో చక్రం నిలబడింది.

ఒకరోజు నేను పాల ప్యాకెట్టు ఇవ్వడానికి వెళ్ళేసరికి అక్క కళ్ళు తేలేసి ఉంది. పాలలో నానేసిన రొట్టె ముక్క అడ్డంపడింది. ఆయన ఆవిడను ముందుకు వంచి వీపు మీద చరుస్తున్నారు. ముక్క బయటికొచ్చింది. కొస కూడా నలగలేదు. ఆయన చేసి పెట్టిన పళ్ళ కింద అది పడనేలేదు.

ఆయన ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. జీవితమంతా నమిలిన గుర్తులు చదివిన మనిషి.

"నమలడం లేదా నువ్వు?"

అక్క బల్ల వైపు చూసింది.

"ఎన్నాళ్ళబట్టీ?"

"నీకు పనుందిగా" అంది మెల్లగా. "నేనిలా సాగదీస్తా కూచుంటే నీ చెయ్యి పోతుంది."

ఆయన మొహం తిప్పుకోలేదు. చెంచా గిన్నెలో పెట్టి, ఆవిడ గడ్డం తుడిచి, "పనేముందే, అయిపోయింది" అన్నారు.

"ఏది?"

"బండి. నిన్ననే అయిపోయింది. నీకు చెప్పడం మర్చిపోయాను."

"అబద్ధం."

"నీ మీదొట్టు" అని బల్ల దగ్గరికి వెళ్ళి, బండిని రెండు చేతులా ఎత్తి తెచ్చి, ఆవిడ కాళ్ళవైపు గోడకున్న అరలో పెట్టారు. కుడివైపు ఆవిడకు కనపడేలా తిప్పారు. ఆ వైపు చక్రాలన్నీ ఉన్నాయి, పట్టా ఉంది, బురద కూడా పట్టి ఉంది. నేను కిటికీ పక్కన నిలబడ్డాను. నావైపు వెనకున్న మూడు ఇరుసులు ఖాళీగా మొండి వేళ్ళలా బయటికి పొడుచుకుని ఉన్నాయి. పట్టా వేలాడిపోకుండా ఆయన దాన్ని బొటనవేలితో కిందికి దోపారు. ఆయన నావైపు చూడలేదు.

అక్క తలగడ మీంచి తలెత్తగలిగినంత ఎత్తి చూసింది.

"తోలేవాడేడీ?"

"లోపల కూచున్నాడు. అన్నం తింటన్నాడు."

"వాడికెవరు పెడతన్నార్రా?"

"వాడి చేతులు బానే ఉన్నాయ్‌లే, వాడే తింటాడు. నువ్వు నమిలి తిను. ఇంక నాకేం తొందర లేదు."

ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడల్లా అక్క రొట్టె ముక్కను బుగ్గన పెట్టుకుని, ఆవులా, నింపాదిగా నమలడం చూశాను. మధ్యలో ఆగి బండిని చూసేది, ఏదో ఒక ప్రశ్న వేసేది. కొక్కెం ఎంత బరువు లాగుతుంది, పార దేనికి. ఆయన చెంచా పట్టుకునే జవాబు చెప్పేవారు. బల్ల మీద జిగురు సీసా మూత బిగుసుకుపోయింది. మిగిలిన మూడు గులాబీరంగు చక్రాలు ఒక చిన్న డబ్బాలో ఉన్నాయి. ఒకరోజు నేనే ఆపుకోలేక, ఆదివారాలు వాళ్ళావిడ ఇంట్లో ఉంటుంది కదా, ఆవిడ పెట్టొచ్చు కదా, ఆ మూడూ అయిపోతాయి కదా అన్నాను.

"ఆదివారం నేను గడ్డం గీసుకుంటానండీ" అన్నారు. "వారానికోసారైనా తెగకుండా."

మొన్న వెళ్ళేసరికి అక్క సగం గిన్నె దగ్గరుంది. ఆయన కుడిచేతి వేళ్ళు అప్పటికే కదలడం మొదలుపెట్టాయి. ఎడమచేత్తో ఆ మణికట్టును గట్టిగా అదిమి పట్టుకుని, చెంచాను మెల్లగా ఆవిడ బుగ్గ దాకా తీసుకెళ్తున్నారు. అక్క నోరు తెరిచి ఎదురుచూస్తోంది. గిన్నెలో ఇంకా సగం ఉంది.