అమ్మ కొట్టేసిన మాటలు

మా నాన్న స్టీల్ ప్లాంటులో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసేవాడు. అమ్మ ఏడో తరగతి దాకా చదివి, పెళ్లయ్యాక శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి సెక్టర్ 6 క్వార్టరుకి వచ్చింది. వంట పనయ్యాక పాత క్యాలెండరు కాగితాల వెనక పాటలు రాసేది. మా తెలుగు చర్చిలో అందరూ వాటినే పాడేవాళ్లు. నేనూ పాడేదాన్ని, అర్థం పట్టించుకోకుండా. ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివినదాన్ని. అప్పట్లో నా తెలుగు మాట్లాడటం దాకానే, చదవడం అంతంతమాత్రం.

నాన్న పోయిన రెండేళ్లకి చర్చి వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. ఆంధ్రాలో ఎవరో గాయకుడు అమ్మ పాట పాడాడు. రచన అన్నచోట తన పేరే వేసుకున్నాడు.

అమ్మ కళ్లు మూసుకుని వింటూ, మధ్యలో ఉలిక్కిపడింది.

"ఏటే, కొండ అంటన్నాడు? నాను కొలిమి అని కదా రాసినాను!"

"అమ్మా, నీ పేరే తీసేశాడు. ముందు అది చూడు."

"పేరు సంగతి తర్వాత. నా మాటెందుకు మార్చినాడు?"

మర్నాడు అమ్మని తీసుకుని పక్క ఊరు దుర్గ్‌లో కోర్టు దగ్గర ఒక లాయరు దీదీని కలిశాను. పాట ఎక్కడా రిజిస్టరు చేయించలేదు, ఇంక హక్కేముంటుందని నా భయం. ఆవిడ హిందీలో నెమ్మదిగా చెప్పింది.

"చేయించకపోయినా సరే, రాసిన క్షణం నుంచే పాట ఆంటీది. పేరు చెప్పమని అడిగే హక్కుంది. తన మాటని చెడగొడితే కాదనే హక్కూ ఉంది. ఆంటీయే రాశారని చూపించాలి, అంతే."

అమ్మ సంచిలోంచి ఒక క్యాలెండరు కాగితం తీసింది. లాయరుకి తెలుగు రాదు కాబట్టి నేనే చదివి హిందీలో చెప్పాలి. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాను. కొలిమి ముందు నిలబడ్డవాడి చెమట ఆరకముందే ఎరిగిన దేవుడా, అని ఉంది. కొలిమి పక్కన మూడు మాటలు కొట్టేసి ఉన్నాయి. మంట. పొయ్యి. అన్నిటికంటే ముందు, కొండ.

"అమ్మా, కొండ అని ముందు నువ్వే రాశావా?"

"రాసినాను. తర్వాత మీ నాన్న నన్ను ప్లాంటు చూపించడానికి తీసుకెళ్లినాడు. ఇనుము నీళ్లలాగ పారతంది. దాని ఎదర మీ నాన్న. ఇంటికొచ్చి కొండ కొట్టేసినాను."

ఇన్నేళ్లు నేను పాడింది మా నాన్న గురించి. ఒక్క మాట కోసం అమ్మ ఇంత వెతుక్కుందని నాకు తెలియనే తెలియదు. లాయరు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"ఈ కొట్టివేతలే మీ పెద్ద సాక్ష్యం. ఎత్తుకుపోయినవాడి దగ్గర పాటే ఉంటుంది, ఇవి ఉండవు."

లాయరు పంపిన నోటీసు అందాక ఆ గాయకుడు ఫోన్ చేశాడు. "అమ్మగారూ, పాతకాలం పాట, రాసినవాళ్లెవరూ లేరనుకున్నాం. క్షమించండి."

"మరి నీ పేరెందుకు వేసుకున్నావు నాయనా?"

"తప్పే చేశానమ్మా," అన్నాడు.

"సరే, మళ్లీ పాడు. సరిగ్గా పాడు."

ఫోన్లోనే పాడాడు, ఈసారి కొలిమి అనే. అమ్మ ఒకచోట ఆపి, దీర్ఘం సరిచేసింది. నెల తిరక్కుండా కొత్త వీడియో వచ్చింది, అమ్మ పేరుతో.

మిగతా కాగితాలన్నీ నా ముందు పెట్టమన్నాను. ఒక్కోటి చదవడానికి నాకో ఆదివారం పడుతోంది. తెలియని మాట వస్తే వంటింట్లోకి వెళ్లి అమ్మని అడుగుతున్నాను.