ఐదు మీద కొట్టిన నాలుగు

నంబరమ్మకు ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది పెన్షను కాగితాలకు తప్ప ఎందుకూ పనికిరాదు. కార్ల ఫ్యాక్టరీ రికార్డుల్లో ముప్పై ఏళ్లు పనిచేసింది. ఫ్యాక్టరీ మూతపడి రిజిస్టర్లన్నీ తుక్కుకు పోతుంటే బండి కట్టించుకుని ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడు బీరువాలో అవే ఉన్నాయి. బట్టలు కుర్చీల మీద ఉన్నాయి. పాత కార్లవాళ్లంతా ఆవిడ గుమ్మం తొక్కాల్సిందే. చట్రం మీద కొట్టిన చాసిస్ నంబరు చెబితే చాలు, ఆ కారు ఏ రోజు బయటికొచ్చిందో, ఏ రంగు వేశారో, ఏ ఇంజిను బిగించారో చదివి వినిపిస్తుంది. చివర్లో "నా పుస్తకాల్లో ఒక్క తప్పు చూపించండి" అంటుంది. ఎవరూ అడగకపోయినా అంటుంది.

ఆవిడ అక్క మొగుడికీ ఒక పాత కారుంది. దాన్ని తుడిచినంత శ్రద్ధగా ఆయన తన కళ్లజోడు ఏనాడూ తుడుచుకోలేదు. మొన్న పాత కార్ల ప్రదర్శనలో పెడదామని తీసుకెళ్తే, తనిఖీవాళ్లు బానెట్ ఎత్తి చూసి పెదవి విరిచారు. చాసిస్ నంబరు చివర ఐదు మీద నాలుగు కొట్టి ఉంది. దిద్దిన నంబరంటే దొంగ బండి కిందే లెక్క. శుక్రవారంలోగా రుజువు తెస్తే సరి, లేదంటే ఇంటికే అన్నారు.

"మరదలా, నీ పుస్తకం తియ్యి. ఈ వయసులో నన్ను దొంగను చేశారు!"

"ఇన్నాళ్లూ దొరకలేదంతే బావా," అంటూ రిజిస్టరు తీసింది. అక్కడ నాలుగే ఉంది. పక్కన రిమార్కుల గడి ఖాళీ. అది చూడగానే ఆవిడ నవ్వు ఆగిపోయింది.

ఫ్యాక్టరీ హోరులో మాట వినపడేది కాదు. ఆవిడ రిజిస్టరు చూసి ఒక్కో అంకెనూ వేళ్లతో చూపిస్తే, మేస్త్రీ ఆ అచ్చు పెట్టి సుత్తితో కొట్టేవాడు. ఆ రోజు ఆవిడ ఎదుటి బల్ల పిల్లకు సినిమా కథ సైగలతో చెబుతూ, మధ్యలో నాలుగు చూపించింది. బొటనవేలు మడవడం మరిచిపోయింది. మేస్త్రీ ఐదు కొట్టేశాడు. తర్వాత నాలిక్కరుచుకుని దాని మీదే నాలుగు కొట్టాడు. అలా జరిగితే రిమార్కుల్లో రాయాలి. ఉద్యోగంలో చేరి అప్పటికి పదకొండు రోజులు. రాయలేదు.

మేస్త్రీ ఇప్పుడు లేడు. ఇక సాక్షి ఆవిడే.

సంగతి వినగానే బావ ముఖం విప్పారింది. "ఇంతేనా! ఆ గడిలో ఇప్పుడో ముక్క గిలికెయ్. ఎవరు చూడొచ్చారు?"

"అప్పుడు చేసింది తప్పు. ఇప్పుడు రాస్తే మోసం."

"మరి నా కారు?"

ఆవిడ తెల్ల కాగితం తీసుకుని కూర్చుంది. మూడు ఉత్తరాలు రాసి చింపింది. మొదటిదాంట్లో తప్పు మేస్త్రీది, రెండోదాంట్లో హోరుది, మూడోదాంట్లో సినిమాది. నాలుగోదాంట్లో "బొటనవేలు నాది" అని రాసి, ఇవాళ్టి తేదీ వేసి సంతకం చేసింది.

తనిఖీవాళ్లు ఆ ఉత్తరం చదివి కారును ప్రదర్శనకు రానిచ్చారు. బావ మంచివాడే గానీ, గెలిచాక గుట్టుగా ఉండే రకం కాదు. ప్రదర్శన రోజు ఆ ఉత్తరాన్ని పెద్దక్షరాల్లో అచ్చు వేయించి కారు ముందద్దానికి అంటించాడు. జనం కారు వదిలేసి దాన్నే చదివారు. పక్కనే నిలబడ్డ నంబరమ్మను ఒకాయన అడిగాడు:

"ముప్పై ఏళ్లలో ఇదొక్కటేనా అమ్మా?"

"ఒప్పుకున్నది ఇదొక్కటే," అంది ఆవిడ.

చుట్టూ ఉన్న యజమానుల్లో నలుగురు తమ తమ కార్ల వైపు పరుగెత్తారు.