కోచ్ స్టకీ పట్టిన దొంగ

లామర్ స్టకీ తన నీడని కూడా నమ్మేవాడు కాదు. అలబామాలోని ఒక చిన్న కాలేజీకి ఫుట్‌బాల్, అదే బంతిని చేత్తో పట్టి పరిగెత్తే అమెరికా ఆట, ఆడిన రోజుల్లో ముందు వరసలో ఒక చెయ్యి నేలకానించి వంగేవాడు. కూత పడగానే ఎదుటివాణ్ణి పొట్టేలులా కుమ్మి, వెనకాల బంతి చంకలో ఇరికించుకుని పరిగెత్తేవాడికి దారి చేసేవాడు. మోకాలు చితికి ఆట పోయింది. అక్కడే కోచ్‌గా చేరి, కుర్రాళ్లకి అచ్చం తనలాగే వంగడం నేర్పుతూ తల నెరిపించుకున్నాడు. ఒకప్పుడు పక్కన ఆడిన ఓడెల్ ప్రూయిట్‌నే సహాయకుడిగా పెట్టుకున్నాడు.

మూడేళ్లుగా పక్క ఊరి కాలేజీ చేతిలో ఓటమే. బంతి విసురుదామంటే అందుకునేవాడి మీద ముందే కాపలా! పరిగెడదామంటే దారికి ముందే అడ్డం! ఈ శనివారం కూడా ఓడితే ఉద్యోగం ఊడుతుందని కాలేజీవాళ్లు మొహం మీదే చెప్పారు.

తమ ఎత్తులు ఎవడో అవతలికి మోస్తున్నాడు. ఎవడు? ఓడెల్ పెళ్లాం వెర్లీన్‌ది ఆ ఊరే. ఆదివారం చర్చి అవగానే ఓడెల్ అత్తారింటికెళ్లి చేపల వేపుడు లాగించి వస్తాడు. ఊరికే పెడతారా? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, లామర్ పట్టేశాననుకున్నాడు.

శనివారం ఆటకి ముందు, కుర్రాళ్లందరి ఎదుటా అనేశాడు.

"నువ్వు ఇంటికి పో ఓడెల్. మీ అత్తగార్ని అడిగానని చెప్పు."

"ఏరా, మతిగానీ పోయిందా?"

"ఇన్నాళ్లూ పోయింది. ఇప్పుడే వచ్చింది."

ఓడెల్ మెడలోని ఈల తీసి బెంచీ మీద పెట్టి, ఎవరి వంకా చూడకుండా వెళ్లిపోయాడు.

ఓడెల్ లేడు. కుర్రాళ్లకి ఎత్తులు చెప్పే సైగలన్నీ లామర్ పొద్దునే మార్చేశాడు. అయినా అదే తంతు! ఎటు పరిగెత్తినా అవతలివాళ్లు అక్కడే ఉన్నారు. చిత్తుగా ఓడారు.

ఆట అయ్యాక ఇద్దరు కోచ్‌లూ మైదానం మధ్యలో చేతులు కలపడం ఆనవాయితీ. మూడేళ్ల కిందట అవతల కోచ్‌గా చేరిన హోయ్ట్ బాస్కిన్, కాలేజీ రోజుల్లో లామర్‌కి ఎదురుగా వంగి కుమ్ములు తిన్నవాడే, పగలబడి నవ్వాడు.

"ఎలాగూ నీ పని అయిపోయింది గనక చెప్తున్నా. పరుగైతే బరువంతా నేలమీది చేతి మీద వేసేవాడివి, గోళ్లు తెల్లబడేవి. బంతి విసిరేటప్పుడు ఊరికే ఆనించేవాడివి. నీ కుర్రాళ్లందరికీ అదే నేర్పావు కదయ్యా! వాళ్ల గోళ్లు చూస్తే చాలు, మీ ఎత్తు తెలిసిపోయేది."

లామర్ సరాసరి ఓడెల్ ఇంటికెళ్లాడు. సిగ్గుతో తల పైకి లేవలేదు.

"తప్పు నాదేరా. మోసింది నువ్వు కాదు. హోయ్ట్ అంతా చెప్పాడు."

ఓడెల్ జాలీ తలుపు తియ్యలేదు.

"వాడు చెప్పేదాకా నీకు తెలీలేదన్నమాట," అని లోపలికి వెళ్లిపోయాడు.