బియ్యం డబ్బాలో ఫోన్

హన్మకొండలో ఫోన్ బాగుచేసే అతను ఛార్జింగ్ పెట్టే చోటు నుంచి సూదితో తెల్లటి పొడి తీస్తూ, "అక్కా, బియ్యంల వెట్టిన్రా? నీళ్లల్ల పడ్డదా?" అన్నాడు. "నీళ్లల్ల కాదు, బియ్యంలనే రోజూ పడ్తది," అన్నాను. అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఈమధ్య రెండూ అంత తొందరగా రావడం లేదు.

మా అన్నకు స్కిజోఫ్రీనియా. డిగ్రీ చివరి ఏడాదిలో బయటపడింది. ఫోన్లోంచి ఎవరో తన మాటలు వింటున్నారని అతని భయం. పొద్దున ఎనిమిదింటికి గోలీ వేసుకోవాలంటే ఇంట్లో ఫోన్లన్నీ బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాలి. అమ్మ తన బటన్ల ఫోన్ మారుమాట లేకుండా పెట్టేసేది. నేను పెట్టేదాన్ని కాదు. నిద్రలో కూడా ఫోన్ నా చేతిలోనే ఉండేది, కోపం ముక్కు మీద ఉండేది.

"చెల్లె, వాళ్లు ఇంటాండ్రు," అనేవాడు అన్న, గొంతు తగ్గించి.

"ఇంటే ఇననియ్. నువ్వేం అంత పెద్ద ముచ్చట చెప్తానవని?"

ఒకరోజు మైకు ఆపేసి ఉందని సెట్టింగ్స్ తెరిచి మరీ చూపించాను. నమ్మలేదు. అరిచాను. గోలీ బల్లమీదే వదిలేసి వెళ్లిపోయాడు. రెండు రోజులు ఆ ఫోన్లోనే అన్న ఫొటో చూపిస్తూ ఆటోవాళ్లనూ చాయ్ బండ్లవాళ్లనూ అడుగుతూ తిరిగాను. కాజీపేట స్టేషన్లో, ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద దొరికాడు. కాళ్లకు చెప్పులు లేవు. నన్ను చూసి మొదట అడిగింది, "ఫోన్ తెచ్చినవా?" అని. స్విచాఫ్ చేసి, బ్యాగులో టిఫిన్ డబ్బా కింద పెట్టాను. అప్పుడు లేచాడు.

మర్నాడు అందరికంటే ముందు నా ఫోనే బియ్యంలోకి వెళ్లింది. "మెల్లగ వెట్టు, బియ్యం కింద పడ్తయ్," అంది అమ్మ. అంతే. అన్న గోలీ మింగి, నోరు తెరిచి చూపించాడు. వినేవాళ్లు ఉన్నారా లేరా అని నేను మళ్లీ వాదించలేదు. అప్పట్నుంచి రోజూ ముగ్గురం చాయ్ తాగుతాం, పది నిమిషాలయ్యాక మూత తీస్తాం.

"ఇగ బియ్యంల వెట్టకు అక్కా, ఖరాబైతది," అన్నాడు షాపతను. తల ఊపాను. ఈ పొద్దున మళ్లీ పెట్టాను. అలాంటి పది నిమిషాలు ఇప్పటికి ఎన్ని గడిచాయో తెలీదు. అన్న చాయ్ చల్లారాకే తాగుతాడని మాత్రం వాటిలోనే తెలిసింది.