రెండిళ్ళకూ ఒకే చేప

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి. కాళ్ళు బారజాపుకున్నా నాకేం పట్టింపు లేదు, చెవి మాత్రం ఇటు పెట్టండి. ఇవాళ పొద్దున మా వీధిలోకి చేపలమ్మే ఆవిడ వచ్చింది. తట్ట మీది గుడ్డ తీసి చూస్తే అన్నీ వేలెడంత పిల్లలే. "పెద్దవి లేవా?" అంటే, "సముద్రంలోనే లేవండమ్మగారూ, అంతా చిన్నసరుకే" అని మూతి విరిచింది. నాకు నవ్వొచ్చింది. పెద్దవి ఎక్కడికీ పోవు. చిన్నవాటి కిందే కూర్చుని ఉంటాయి, అక్కడిదాకా దిగే ఓపిక మనకే ఉండదు. ఈ మాట నేను ఎవరో చెప్పగా విని అనడం లేదు. ఖతర్‌లో, చలిగాలి కొట్టే ఒక గురువారం సాయంత్రం, మా చెల్లి పెళ్ళి మొత్తం ఒక చేప మూతికి తగులుకుని వేలాడుతుండగా నా కళ్ళతో చూసిన మాట.

తొంభైల్లో సంగతి ఇది. మాది నరసాపురం వైపు సముద్రపు ఒడ్డు పల్లె. మా నాన్న గాలం వేసి చేపలు పట్టేవాడు. నా చదువు రెండో తరగతి దాకా సాగింది. పలక పగిలితే కొత్తది కొనలేదు, చదువు అక్కడే ఆగిపోయింది. పలక మీద నిలవనిదంతా బుర్రలో నిలిచింది కాబట్టి నాకేమీ లోటు రాలేదు. నాన్నా, అమ్మా పోయాక చెల్లిని నేనే పెంచాను. మా ఆయన కూడా దాటిపోయాక వంటమనిషిగా దోహా వెళ్ళాను. మా ఊళ్ళో ఏ అరబ్బు దేశమైనా కువైట్ కిందే లెక్క. "ఖతర్ అంటే వేరే దేశం" అని నేను ఎన్ని ఫోన్లలో చెప్పినా, "సరేలే, కువైట్లో ఎండలెలా ఉన్నాయి?" అనే అడిగేవాళ్ళు. అల్ అజీజియాలో మా మేడమ్ ఇల్లు. ఆ ఇంట్లో మేడమ్ కంటే పెద్ద అధికారం ఆమె అత్తగారిది. ఆవిడను అందరం మామా అనేవాళ్ళం, వాళ్ళ భాషలో అమ్మ అని. నేను వెళ్ళిన రెండేళ్ళకు, తెలిసినవాళ్ళను పట్టుకుని, చెల్లికి కూడా ఇంకో ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని కుదిర్చాను.

మా ఇంటి డ్రైవరు ధర్మవరం పక్క పల్లెవాడు. నాకంటే చిన్నవాడు, అందుకని తమ్ముడూ అని పిలిచేదాన్ని. వానచుక్క కోసం ఏడాదంతా ఆకాశం చూసే ఊరు వాళ్ళది. సముద్రం మొదటిసారి చూడటం విమానం కిటికీలోంచేనట. సముద్రం పక్క రోడ్డు, కార్నిష్ మీద కారాపి, "అక్కా, ఇన్ని నీళ్ళు పెట్టుకోని తాగేదానికి లేవంటారే, ఈళ్ళ మీద ఎవరికి కోపమొచ్చిందక్కా?" అని దిగులుగా అడిగినవాడు. అన్నం నా చేతిదే తినేవాడు. వంటింటి గడప అవతల వాడు, ఇవతల నేను, మధ్యలో రసం గిన్నె. చేప మాత్రం ముట్టేవాడు కాదు, ముల్లంటే వాడికి చచ్చేంత భయం.

చెల్లికి సంబంధం వచ్చింది. కుర్రవాడు కూడా మా ఒడ్డువాడే, దోహాలోనే ఒక షేకు ఇంట్లో డ్రైవరు. పిల్లను చూశాడు, ఇష్టపడ్డాడు, పిల్లకూ నచ్చాడు. నచ్చనిదల్లా వాళ్ళ పెదనాన్నకే. తండ్రి లేని ఆ కుర్రవాణ్ణి పెంచి, దేశం దాటించి, పనిలో పెట్టింది ఆయనే. ఆయన మాట దాటి కుర్రవాడు అడుగు వెయ్యడు. అల్ ఖోర్‌లో చేపల లాంచీ మీద పనిచేసి ఉప్పుగాలికి నల్లబడ్డ పెద్దమనిషి. తండ్రీ అన్నదమ్ములూ లేని ఇంటి పిల్లను చేసుకుంటే రేపు మంచీచెడ్డా ఎవరితో మాట్లాడాలని ఆయన బెంగ. మాట్లాడదామని నేను వాళ్ళింటికి వెళ్తే, ఆ మాట మొహం మీద అనలేక పద్ధతి వెనక దాక్కున్నాడు.

"మా వైపు తాంబూలాలకి ముందు ఒక్క చేప తింటామమ్మా. మీకూ తెలుసుగా. పిల్ల తోడబుట్టినోడు గాలంతో పట్టాలి, కొయ్యకుండా నాకు చూపించాలి, రెండిళ్ళోళ్ళం ఒకే పంక్తిలో తినాలి."

తెలియకేం! మా పల్లెలోనూ అదే ఆచారం. బజారులో కొన్నది పనికిరాదు, అది బేరమాడిన చేప. చిన్నవి నాలుగు కలిపి వండితే పనికిరాదు, కుండలో నాలుగు చేపలుంటే ఇంట్లో నాలుగు మాటలవుతాయంటారు. ఒకటే ఉండాలి, అందరికీ రావాలి. తల పెళ్ళికొడుకు వైపు పెద్దకు, తోక పిల్ల అన్నకో తమ్ముడికో, నడుమ ముక్కలు మిగతా అందరికీ. మాకు మగపిల్లాడు లేడని తెలిసే ఆయన అడిగాడు. నాకు కళ్ళలో నీళ్ళు రావలసింది, రోషం వచ్చింది. "వచ్చే శుక్రవారం భోజనానికి రండి" అనేశాను. అనేసి బయటికొచ్చాక కారులో కూర్చుని తమ్ముడి వైపు చూశాను. వాడు అద్దంలోంచి నన్ను చూసి, "ఏందక్కా, నన్నట్ల చూస్తాండావు?" అన్నాడు. విషయం చెబితే స్టీరింగు మీద తల ఆనించి, "ఓరి దేవుడా, కోడిని పట్టమన్నా పడుదును కదక్కా" అన్నాడు. కాదని మాత్రం అనలేదు.

శీతాకాలంలో మా ఇంటివాళ్ళు అల్ ఖోర్ దాటాక సముద్రం పక్కనే టెంటు వేసేవాళ్ళు. అక్కడికి మేమూ వెళ్ళాలి, వంట నాది, సామాను తమ్ముడిది. టెంటుకు దగ్గర్లో ఒక పాత రాతికట్ట నీళ్ళలోకి పొడుచుకుని ఉండేది. దాని చివర లోతు. ఆ లోతులో రాళ్ళ సందుల్లో హమ్మూరు ఉంటుందని మామా నాకు చెప్పింది. మన బొంతచేపకు అది అన్నలాంటిది. రాత్రుళ్ళు ఆవిడ కాళ్ళు పడుతూ చెల్లి సంగతంతా వెళ్ళబోసుకునేదాన్ని. నాకొచ్చిన అరబ్బీ సగం, ఆవిడకు అర్థమైంది రెండింతలు. అందుకే గురువారం మధ్యాహ్నం మేం గాలాలు తీసుకుని బయల్దేరితే, ఆవిడ కూడా తివాచీ, టీ ఫ్లాస్కు మోయించుకుని వచ్చి కట్ట మొదట్లో సభ తీర్చింది.

ఆ నీళ్ళ నిండా షేరీ అనే చేప పిల్లలు. అరచెయ్యంత కూడా ఉండవు. మెతుకు విసిరితే కోళ్ళు మూగినట్టు మూగేవి. రొయ్యముక్క గుచ్చి వేస్తే నేలదాకా పోనిచ్చేవి కావు, దారిలోనే పొడుచుకు తినేవి. తమ్ముడికి గాలపు దారం, ఆ తంగూసు జిల్లుమన్నప్పుడల్లా పూనకమే. చటుక్కున లాగేవాడు, ఓ షేరీ పిల్ల ఎగిరొచ్చేది. "అక్కా, ఇంగోటి!" బకెట్టు నిండుతుంటే వాడి మొహం వెలిగిపోయింది. అటునుంచి మామా ఒక్కోదానికీ తీర్పు చెప్పేది. "సగీర్... ఇదీ సగీర్... కుల్లు సగీర్! కబీర్ మాఫీ?" అన్నీ చిన్నవే, పెద్దది లేదా అని. ఎండ వాలుతోంది. అప్పుడు నేను కొంగు బిగించి, "చాల్లే తమ్ముడూ, ఇక మా నాన్న లెక్కన చేద్దాం" అన్నాను.

మా నాన్న లెక్క ఏమిటంటే, చిన్ననోటికి పట్టని ఎర పెట్టాలి, చిన్నవాటికి అందనంత తొందరగా అడుక్కి దింపాలి, ఆ తర్వాత చెయ్యి రాయి చేసుకోవాలి. బకెట్టులో ఊపిరి ఉన్న షేరీ పిల్లనొకదాన్ని తీసి వీపు దగ్గర గాలానికి గుచ్చాను. బరువు చాలదంటే తమ్ముడు కారు డిక్కీలోంచి పాత స్పార్క్ ప్లగ్గులు రెండు తెచ్చి కట్టాడు. ఎర గుండులా దిగింది. అడుగు తగిలాక మూరెడు పైకి తీయించాను. పిల్లలు ఊరుకుంటాయా, చుట్టూ చేరి పొడుస్తూనే ఉన్నాయి.

"పొడస్తాండాదక్కా! లాగేదా?"

"లాగకు. పొడిచేవన్నీ చిన్నవే. పెద్దది పొడవదు, వచ్చి కూర్చుంటుంది. నీ చెయ్యి రాయనుకో."

"రాయికి దురద పుట్టదు కదక్కా!"

రెండుసార్లు ఆగలేక లాగేశాడు, రెండుసార్లూ ఎర పోయింది. డ్రైవరు చెయ్యి కదా, సందు కనిపిస్తే దూరే అలవాటు. మూడోసారి పళ్ళు బిగబట్టి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. సూర్యుడు నీళ్ళకు తగలబోతుండగా మెల్లగా అన్నాడు, "అక్కా... ఎవురో ఎక్కి కూసున్నట్టుండాది." లాగరా అని నేను అరిచిన అరుపు టెంటుదాకా వినిపించిందట. లాగాడు. కానీ అర క్షణం ఆలస్యమైంది. అది రాళ్ళ సందులో దూరి మొప్పలు విప్పి బిగించుకుంది. తంగూసు రాతికి కట్టేసినట్టు నిలిచిపోయింది. వాడు రెండు చేతులా పెనుగులాడితే నూలంత దారం అరచేతుల్లోకి దిగి నెత్తురొచ్చింది. ఆ తంగూసు తెగితే చెల్లి ముఖం ఎలా చూడను? రేపు మధ్యాహ్నం ఆ పెద్దాయన ఖాళీ గిన్నె చూసి, "పోనీలెండమ్మా" అని జాలిపడి లేచిపోతాడు. ఆ జాలే నేను భరించలేను.

"వదిలెయ్ తమ్ముడూ. దారం వదులు చెయ్."

"వదిలితే పోదా?"

"లాగితే తెగుద్ది. వదిలితే విసుగొచ్చి అదే బయటికొస్తది."

వాడు నా మొహంలోకి చూసి, తల ఊపాడు. "అర్థమాయెలే. ఇసకలో బండి దిగబడినట్ల కదా. రేజ్ చేసేకొద్దీ లోపలికే పోతాది. గమ్మున దిగి టైర్లలో గాలి తీసెయ్యల్ల." అని దారం వదిలేసి రాయి మీద కూర్చున్నాడు. ఎడారిలో ఎన్నిసార్లు బండి తీశాడో ఆ ఓపికంతా అక్కడ కుదురుగా కూర్చుంది. మామా కూడా తీర్పులు ఆపి జపమాల తిప్పుకుంటోంది. చిన్నవి వచ్చి దారాన్ని కూడా పొడిచి పోయాయి. వాడు కదల్లేదు. కాసేపటికి వదులుగా ఉన్న తంగూసు తనంతట తాను పక్కకు జరిగింది. అప్పుడు లేచి, తువ్వాలు చేతికి చుట్టుకుని, ఎక్కడా ఆపకుండా కట్ట మీద వెనక్కి వెనక్కి నడుస్తూ లాగాడు. నేను అంచున వంగి మొప్పలో చెయ్యి పెట్టి పైకి తీశాను. గోధుమరంగు ఒళ్ళు, నారింజ చుక్కలు, పిడికిలి దూరేంత నోరు. మా చెల్లి చంటిదిగా చాప మీద పడుకుంటే అంతే ఉండేది. "వల్లా, కబీర్!" అని దేవుడి మీద ఒట్టేస్తూ మామా లేచి, ఐసుపెట్టెలోని పెప్సీ డబ్బాలన్నీ ఇసకలో కుమ్మరించి పెట్టెను మా వైపు తోసింది. ఆ పూట మనవలందరూ వెచ్చటి పెప్సీ తాగారు. చిన్నవాటిని వేయించి పెడితే ఒక్కటీ మిగల్లేదు.

శుక్రవారం దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మా ఊరివాళ్ళ గదిలో భోజనాలు. పెద్దాయన వచ్చి, చాప మీద పెట్టిన చేప దగ్గర గొంతుకూర్చున్నాడు. మొప్ప తిప్పి చూశాడు, కన్ను నొక్కాడు, పెదవి దగ్గర గాలం చీరిన చోట వేలు పెట్టాడు. వలలో పడింది కాదని ఆయనకు ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

"పట్టినోడెవడమ్మా?"

"మావాడేనండి" అని చూపించాను. వంటింట్లో ఉల్లిపాయలు కోస్తున్న చెల్లి కత్తిపీట చప్పుడు ఆగింది.

"ఏ ఊరబ్బాయ్?"

"ధర్మవరం పక్కన సార్. మా ఊర్లో సెరువు గూడా ఎండిపోయిండాది."

"మరి తోడబుట్టినోడివెలాగయ్యావ్?"

గదిలో అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోగా వాడే చెప్పాడు. "తోడ పుట్టలేదు పెద్దాయనా, అబద్ధం చెప్పను. నాలుగేండ్లాయె, ఒగే గడప కాడ తింటాండాం. జరమొస్తే అక్క కషాయం, అక్కకు ఊరి మీద దిగులైతే నా బండి. ఈ పిల్లకు రేపు ఏమన్నా ఐతే తెల్లారకముందే నీ ఇంటి ముందర వచ్చి నిలబడేది నేనే. ఇంగ నీ ఇష్టం."

పెద్దాయన వాడి చేతులు పట్టుకుని తిప్పి చూశాడు. అరచేతుల్లో తంగూసు గీతలు ఎర్రగా ఉన్నాయి. "హమ్మూరు సందులో దూరితే మా లాంచీలో కుర్రాళ్ళే లాగి తెంపేస్తారు. నువ్వెలా ఆగావ్?" అన్నాడు. వాడు ఇసకలో బండి కథ చెప్పాడు. ఆయన గడ్డం గోక్కుని, కత్తి తెమ్మన్నాడు.

మేడమ్ ఇంటి పెద్ద డేగిసాలో చింతపండు పులుసు పెట్టాను. వాసనకు పక్క గదుల వాళ్ళు తలుపులు తీశారు. పంక్తి సాగింది. తల పెద్దాయనకు వడ్డించాను. తోక ముక్క గరిటెలో పట్టుకుని నిలబడ్డాను, చెయ్యి ముందుకు సాగలేదు. ఆయనే నా చేతిలో గరిటె అందుకుని, వంగి, తమ్ముడి కంచంలో వేశాడు. "ఒరే, ముల్లు చూసుకు తిను. మావాడి బావమరిది ముల్లు మింగి చచ్చాడంటే మాకు మాటొస్తది." గది గదంతా ఒక్కసారి నవ్వింది. చేప ముట్టని మా తమ్ముడు, కళ్ళ నీళ్ళు కారుతుండగా, ఆ తోకను ముల్లు ముల్లూ చీకి తిన్నాడు. కారానికని చెప్పాడు. వెళ్ళేటప్పుడు పెద్దాయన గుమ్మం దగ్గర ఆగి, "తేలేరనుకున్నానమ్మా" అన్నాడు నాతో. తెచ్చాంగా, అన్నాను నేను.

నాకు తల ఎత్తుకు తిరిగిన రోజులు చాలానే ఉన్నాయి గానీ, ఆ శుక్రవారం దోహా వీధుల్లో నడిచినంత ఠీవిగా మళ్ళీ ఎప్పుడూ నడవలేదు. మా ఊళ్ళో పెళ్ళినాడు అనంతపురం నుంచి బస్సులో వచ్చి, పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామ బదులు మోసుకొచ్చింది వాడే. ఇప్పుడు చెల్లికి మనవలు, వాడికి మోకాళ్ళ నొప్పులు, నాకు చత్వారం. ఏళ్ళు అందరి మీదుగానూ నడిచాయి, ఆ రోజు కలిగిన గర్వం మీద మాత్రం ఒక్క ముడతా పడలేదు.

విన్నారుగా, ఇక లేవండి. మీ ఇంట్లో శుభమాట వచ్చిన పూట మీవాడినంటూ ముందుకొచ్చే మనిషి ఉండాలి, మీ పంక్తిలో ఒక విస్తరి ఎక్కువే పడాలి, మీ పిల్లాపాపా చల్లగా ఉండాలి.